గోడవైపు కట్టిన దండ

క్రేన్ ఆసుపత్రి వెనక గేటు దాటి లోపలికి వచ్చేసింది. దాని ముందు కర్నల్ థానిత్ నడుస్తున్నాడు, ఊరేగింపుకి దారి చేస్తున్న పెద్దమనిషిలా. అతని చేతిలో మడతపెట్టిన ఆర్డరు ఉంది. అందులో ఏముందో చదవక్కర్లేదు. యంత్రాల గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"పక్కకి జరుగు అక్కా. మిషన్ని కంపెనీవాళ్ళు రిపేరుకి తీసుకెళ్తున్నారు. పైనుంచి ఆర్డరు."

"నలుగురిని చంపిన కత్తిని సాన పట్టించుకురమ్మని హంతకుడికే ఇచ్చి పంపుతామా, కర్నల్ గారూ?"

నాకంటే చిన్నవాడు థానిత్. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడి దర్యాప్తు నివేదికల్లో తప్పులు నేనే దిద్దేదాన్ని. మా పోలీసుల్లోనూ హోదాలు సైన్యంలోవే. ఇప్పుడు వాడు కర్నల్, నేను ఇంకా మేజర్ బుంతరికానే. వాడు 'అక్కా' అని పిలిస్తే నా హోదా గుర్తుచేస్తున్నట్టుంటుంది. అందుకే నేను 'గారూ' తగిలిస్తాను. వాడికి అది గుచ్చుకుంటుందని నాకు తెలుసు.

"హంతకుడు దొరికాడు. సంతకం కూడా పెట్టాడు. 'నా వల్లే పోయారు' అని తన నోటితో తనే చెప్పాడు. ఇంకేం కావాలి నీకు?"

"ఆ నోటితోనే నాకూ చెప్పమను."

జరిగింది ఊరందరికీ తెలిసిందే. తాకియన్ సర్కారు ఆసుపత్రికి రెండు నెలల కిందట కొత్త చిల్లర్ వచ్చింది. భవనమంతటికీ చల్లటి నీళ్ళు పంపి గదులను చల్లబరిచే పెద్ద యంత్రం అది. టెండరు, తనిఖీ కమిటీ, రిబ్బను, భిక్షువుల మంత్రాలు, అన్నీ పద్ధతిగానే జరిగాయి. పోయిన వారం బాణసంచా గోదాము పేలి పదకొండుమంది కాలిన ఒళ్ళతో ఇక్కడికొచ్చారు. మొన్న మధ్యాహ్నం, ఏప్రిల్ ఎండలో, యంత్రం ఆగిపోయింది. ఆ వార్డు కిటికీలు తెరుచుకునేవి కావు, అద్దాలు బిగించేసినవి. అద్దం పగలగొట్టాలంటే డైరెక్టరు అనుమతి కావాలి. డైరెక్టరు సోంక్రాన్ పండగ సెలవులో ఎక్కడో నీళ్ళాట ఆడుతున్నాడు. నర్సులు ఫోన్లు చేస్తూ ఉండిపోయారు. చర్మం లేని మనుషులు మూసిన గదిలో ఉడికారు. చివరికి మెకానిక్ సుబిన్ పైపు రెంచి తీసుకుని అద్దాలు పగలగొట్టాడు. అప్పటికే నలుగురు పోయారు. మిగిలిన ఏడుగురిలో ఆరుగురిని నోంగ్‌సాక్ ఆసుపత్రికి తరలించారు. కర్నల్ గారు సుబిన్‌కి బేడీలు వేశారు. ఒక కేసు నిర్లక్ష్యానికి, రెండోది అద్దాలకి.

"అద్దాల కేసు మాత్రం అద్భుతం. ఏడుగురి ప్రాణం నిలబెట్టినందుకు సర్కారు సొత్తు ధ్వంసం!" అన్నాను.

"చట్టం చట్టమే. ఇవాళ వీణ్ణి వదిలేస్తే రేపు ప్రతివాడూ రెంచి పట్టుకుని తిరుగుతాడు. నిన్ననే అన్ని ఆసుపత్రులకీ నోటీసు పంపాను, నా సంతకంతో. కిటికీ మీద చెయ్యి వేసినవాడు తిన్నగా జైలుకే." వాడి గొంతు కాస్త తగ్గింది. "నాకు నొప్పి లేదనుకోకు అక్కా. ఆ ఆరుగురిలో మా అమ్మ కూడా ఉంది. అందరికంటే ముందు ఆమెనే ఆంబులెన్స్ ఎక్కించాను. ఇప్పుడు చల్లగా పడుకుంది."

వాళ్ళమ్మ ఆ గోదాముకి ఎందుకెళ్ళిందో నాకు తెలుసు. కొడుక్కి కర్నల్ హోదా వస్తే మందిరం ముందు టపాసుల సరం కాలుస్తానని మొక్కుకుంది. హోదా వచ్చింది. సరం కొనడానికి వెళ్ళింది. ఈ మాట వాడి మొహం మీద అనాలని నాలిక దురద పెట్టింది గానీ ఆపుకున్నాను.

"ఆర్డర్లో మిషన్ అని ఉందా, గది అని ఉందా?"

"మిషన్."

"గొలుసులు కట్టి లేపేదాకా మిషన్ గదిలోనే ఉంటుంది. అందాకా ఈ గది నాది. మీ ముద్దాయిని తెప్పించండి."

థానిత్ పళ్ళు కొరికి వాచీ చూసుకున్నాడు. "గొలుసులు కట్టేంతవరకే. తర్వాత నువ్వు అడ్డం పడుకున్నా నీ మీదుగానే క్రేన్ వెళ్తుంది."

సుబిన్ని తెచ్చేలోపు సియా లియాంగ్ దగ్గరికి నడిచాను. ఊళ్ళో డబ్బున్న కాంట్రాక్టర్లని సియా అనే పిలుస్తారు. ఇతను అందరికంటే పెద్ద సియా, ఈ చిల్లర్ అమ్మింది ఇతని కంపెనీయే. చింతచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని, సంచిలో పోసిన ఐసు కాఫీ గొట్టంతో పీలుస్తున్నాడు.

"రా మేజరమ్మా, నీకూ ఒక కాఫీ చెప్పనా?"

"నువ్వు డబ్బులిచ్చి కాఫీ తాగిస్తావా? ఇవాళ నిజంగానే ఏదో దాస్తున్నావు సియా."

నవ్వాడు. పెళ్ళి విందులో మిగిలిన ఐసు కూడా డబ్బాలో పోసుకుపోయే మనిషని తన గురించి తనకీ తెలుసు.

"ఈ టెండర్లో నీతో పోటీకి ఎవరూ రాలేదట."

"వస్తే వద్దన్నానా? కొలతలు సరిపోలేదు వాళ్ళకి."

"పొడవు, వెడల్పు, ఎత్తు, కాళ్ళ మధ్య ఎడం, అన్నీ అంగుళాలతో సహా టెండర్లోనే రాసేశారు. కొత్త మిషన్ కొనేవాళ్ళు ఎంత చల్లదనం కావాలో రాస్తారు. కాళ్ళ మధ్య ఎడం ఎందుకు సియా?"

"అది ఆసుపత్రివాళ్ళని అడుగు. నేను వ్యాపారిని, అడిగింది ఇస్తాను. తనిఖీ కమిటీ వచ్చి చూసి ఒప్పుకుంది."

"ఎటువైపునుంచి చూసింది?"

"ముందునుంచి. వెనక సందులో దూరడానికి డైరెక్టరుగారి పొట్ట ఒప్పుకోలేదు." తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"కాలినవాళ్ళలో నీ మేనల్లుడు ఒకడు. ఆరుగుర్ని నోంగ్‌సాక్ పంపితే వాడొక్కణ్ణే రాజధానికి పంపావు. ప్రైవేటు ఆంబులెన్స్, ప్రైవేటు ఆసుపత్రి. పోయిన ఏడాది వాణ్ణే జీతం ఎగ్గొట్టి గెంటేశావు కదా?"

గొట్టం పీల్చడం ఆపాడు.

"రక్తసంబంధం మేజరమ్మా. నీకు పిల్లల్లేరు, నీకు తెలీదు."

ఆ మాట సూటిగా తగిలింది. తగలాలనే అన్నాడు. జవాబు చెప్పలేకపోయిన మనిషే అలా కడుపులో పొడుస్తాడు. అందుకని కోపం రాలేదు. ఈ మేనల్లుడి సంగతి మాత్రం మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

యంత్రాల గది పొయ్యిలా ఉంది. యంత్రం నీలం రంగుతో నిగనిగలాడుతోంది. ముందువైపు మీటల పలక కొత్తది. దాని మీద ప్రారంభోత్సవం నాటి దండ ఎండి వేలాడుతోంది. పలక పైన భిక్షువు అద్దిన మూడు తెల్ల చుక్కలు వరసగా ఉన్నాయి. కొత్త బండి కొన్నా, కొత్త యంత్రం పెట్టినా మేమందరం చేయించేదే. వింత ఏమీ లేదు.

వింత వెనక ఉంది. యంత్రానికీ గోడకీ మధ్య సందులో ఒంటిని పక్కకి తిప్పి దూరాను. మోకాలి ఎత్తులో, పైపుకి తీగతో కట్టిన మల్లెదండ ఉంది. వాడిపోయింది గానీ ఎండలేదు, మొన్నటిది. కింద అగరొత్తుల బూడిద చిన్న కుప్పగా ఉంది. ఒక్కరోజు బూడిద కాదది. దేవుడైనా యంత్రమైనా పూజ చేసేవాడు ముఖానికి చేస్తాడు. వీపుకి ఎవడు చేస్తాడు?

బయటికొచ్చేసరికి సుబిన్ నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. చేతులకి బేడీలు, అద్దం కోసుకున్న గాట్లకి మాసిన కట్లు. వాణ్ణి తెచ్చిన పోలీసుని బయటికి పంపించాను.

"వెనక దండ ఎవరు కట్టారు?"

తల వంచుకున్నాడు.

"మిషన్ ఆగిపోతుందని నీకు ముందే తెలీదా? ఇన్నేళ్ళ పని నీది."

"తెలీదక్కా. మా పాతదైతే చెప్పేది. ఆగేముందు కుక్కలా ఊళ పెట్టేది. ఊళ విని పరుగెత్తుకొచ్చి సరిచేసేవాణ్ణి. ఇది ఒక్క మాట చెప్పకుండా చచ్చిపోయింది."

"దండ సంగతి అడిగాను."

బయట గొలుసుల చప్పుడు వినిపిస్తోంది. నాకు టైము లేదు. జాలిపడే తీరిక అసలే లేదు.

"ఆఖర్న పోయినామె ఏమందో నీకెవరూ చెప్పలేదా? 'మిషన్ అబ్బాయి వస్తున్నాడా?' అని అడిగిందట. రెండుసార్లు. పెదాలు కూడా కాలిపోయాయి కదా, మాట సరిగా రాలేదట."

అది నేను అల్లిన మాట. ఆమె ఏమీ అనలేదు, అనే స్థితిలో లేదు. కానీ పనిచేసింది. సుబిన్ మోకాళ్ళ మీద కూలబడి నేలకి తల ఆనించాడు.

"నా కాలే అక్కా! నా కాలే చంపింది!"

"కాలేమిటి?"

"పైన వాల్వు బిగించడానికి వెనకనుంచి ఎక్కాను. కాలు అక్కడ ఆనించాను. రంగు పెచ్చు ఊడింది. కింద చూస్తే పూజకి అంటించిన బంగారు రేకు, దాని కింద గురువుల చుక్క. దాని మీద... నేను బూటు కాలు పెట్టాను. ఆ రోజునుంచి రోజూ దండ కట్టి క్షమించమని ఏడ్చాను. దేవుడు క్షమించలేదు. నన్ను వదిలేసి ఆ నలుగురిని తీసుకుపోయాడు."

"అందుకనా సంతకం పెట్టావు?"

"నిజమే కదా అక్కా. కర్నల్ సార్ 'నీ వల్లేనా' అన్నారు. అవునన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదో, ఆ సంతకం పెట్టించుకున్నవాడి మీదో, నాకే తెలీలేదు. కాలర్ పట్టుకుని పైకి లేపాను.

"ఇంజనీరుకి చెప్పలేదేం?"

"దేవుడి విషయం ఇంజనీరుకేం చెప్పను?"

"ఒరేయ్, నీ భక్తి తగలెయ్య! కొత్త మిషన్‌కి రంగు కింద బంగారం ఎలా వచ్చింది? ఒక్కసారైనా ఆలోచించావా?"

"ఫ్యాక్టరీలో పెట్టారేమో అనుకున్నా..."

"ఏ దేశపు ఫ్యాక్టరీలోనైనా భిక్షువుని కూర్చోబెట్టి మిషన్లకి చుక్కలు పెట్టిస్తారా?"

సుబిన్ తల తిప్పి యంత్రం కేసి చూశాడు.

వార్డునుంచి స్పిరిటు, దూది తెప్పించాను. మళ్ళీ సందులో దూరి, దండ విప్పి పక్కన పెట్టాను. పెచ్చు ఊడిన చోట గోరంత బంగారం మెరుస్తోంది. నేనూ ఈ ఊరిదాన్నే. దూది అక్కడ ఆనించే ముందు రెండు చేతులూ జోడించి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత రుద్దాను.

రంగు పొరలు పొరలుగా లేచింది. భిక్షువులు చుక్కలు పెట్టేది నూనె కలిపిన సుద్దతో, దాని మీద రంగు గట్టిగా పట్టదు. ముందు బంగారు రేకులు బయటపడ్డాయి, తర్వాత చుక్కలు. చుట్టూ అరచేయంత మేర పాత తుప్పు ఉంది. ఆ తుప్పు అంచు దాటితే ఇనుము శుభ్రంగా ఉంది. ఎవరో ఈ యంత్రాన్నంతా తళతళలాడేలా గీకారు. ఇక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పాతదాన్ని కొత్తదిగా చేసి రోగులకి అంటగట్టడానికి భయపడని మనిషి, గురువు వేళ్ళ గుర్తు చెరపడానికి భయపడ్డాడు. పైనుంచి రంగు కొట్టి, ఆ వైపుని గోడకి తిప్పేశాడు.

"గొలుసులు రెడీ. బయటికి రా అక్కా!" అని గుమ్మంలోంచి థానిత్ అరిచాడు.

"మీరే లోపలికి రండి కర్నల్ గారూ. మీ జీపు అద్దం మీద ఉన్నదే ఇక్కడా ఉంది."

విసుక్కుంటూ వచ్చి సందులోకి తల పెట్టాడు. రెండు గుండ్రటి చుక్కలు, వాటి పక్కన కిందకి జారిన మొండి చుక్క ఒకటి. ఈ చుట్టుపక్కల పుట్టినవాడెవడూ దాన్ని చూసి మరొకటి అనుకోడు. మా భిక్షువు ఖేమ్ గురువుకి చూపుడువేలు సగానికి తెగిపోయింది. మూడు వేళ్ళూ కలిపి ఒకేసారి అద్దేవాడు. నా మోటారుసైకిల్ మీదా అదే ఉంది.

"ఖేమ్ గురువుది..." థానిత్ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఆయన్ని దహనం చేసి ఎన్నేళ్ళయింది?"

"నాలుగు."

"ఈ మిషన్ తయారైంది పోయిన ఏడాది అని సర్కారుకి అమ్మారు. గురువు చితిమీంచి లేచొచ్చి చుక్కలు పెట్టి వెళ్ళాడా?"

థానిత్ చెడ్డ పోలీసే గానీ తెలివితక్కువవాడు కాదు. నుదుటి మీద చెమట తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు.

"ఆయన గుడి దాటి వెళ్ళి మిషన్‌కి చుక్కలు పెట్టింది ఒక్కసారే అక్కా. ఆఖరి రోజుల్లో, వైద్యానికి చేరినచోట. అప్పుడు నేను అక్కడే పనిచేసేవాణ్ణి. గొడుగు పట్టింది నేనే."

"ఎక్కడ?"

"నోంగ్‌సాక్ ఆసుపత్రిలో."

సియాని లోపలికి లాక్కురమ్మన్నాను. వచ్చాడు, చేతిలో కాఫీ సంచితోనే. రంగు ఊడిన చోటు చూశాడు, నా చేతిలో దూది చూశాడు. నవ్వు మాత్రం పోలేదు.

"నోంగ్‌సాక్‌లో పాత మిషన్ తీసి కొత్తది పెట్టిందెవరు?"

"టెండరు నాకే వచ్చింది."

"తీసేసిన పాతది ఇదేగా? టెండర్లో కొలతలు టేపు పెట్టి తీసింది దీని మీదే. అందుకే ఇంకెవరి మిషనూ సరిపోలేదు."

"తుక్కు వేలంలో కొన్నాను. నా తుక్కుకి నేను రంగు వేసుకుంటాను."

"సరే. మరి ఇక్కడ తీసేసిన పాతదాన్ని ఏం చేశావు? అదీ నువ్వే కొన్నావు కదా?"

సియా గొట్టం పీల్చాడు. సంచిలో ఐసు మాత్రమే మిగిలింది. గరగర చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడులో నాకు మేనల్లుడు గుర్తొచ్చాడు. ఐసు ముక్క వదలని పిసినారి ప్రైవేటు ఆంబులెన్స్‌కి డబ్బు పోశాడు. ప్రేమతో కాదు. ఆరుగురు వెళ్తున్న చోటికి తన మనిషిని పంపకూడదని.

"దీన్ని తెచ్చి ఇక్కడ పెట్టావు. ఇక్కడిదాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టావు. రెండూ తుక్కే, రెండింటికీ కొత్త రంగు. ఒకటి ఆగగానే రెండోదీ ఆగుతుందని నీకు తెలుసు. తెలిసీ ఆరుగురిని ఆంబులెన్సులు ఎక్కిస్తుంటే నిలబడి చూశావు."

"ఇంకో ఏడాది నడుస్తుందనే అనుకున్నాను మేజరమ్మా." అప్పటికీ గొంతు పెంచలేదు. "అయినా కాలిన మనుషులు. ఎక్కడున్నా సగంమంది పోయేవాళ్ళే."

థానిత్ అతని మెడ పట్టుకుని గోడకి కొట్టాడు. కాఫీ సంచి కింద పడి చిట్లింది. నేను ఆపలేదు. కొట్టడానికి తర్వాత బోలెడంత టైముంది.

"కొట్టింది చాలు. ఫోన్ చెయ్యి!" అని అరిచాను. 'గారూ' అనడం మర్చిపోయాను.

థానిత్ ఫోన్ తీశాడు. రెండోసారికి నంబరు కలిసింది. స్పీకర్ పెట్టాడు.

"నోంగ్‌సాక్, కాలిన గాయాల వార్డు." నర్సు గొంతు అలసిపోయి ఉంది. "ఓ, కర్నల్ గారా! మీకే చేద్దామనుకుంటున్నా సార్. అమ్మగారు మంచినీళ్ళు అడుగుతున్నారు, ఇస్తున్నాం. కాసేపటినుంచి గాలి వేడిగా వస్తోంది. మెకానిక్ సోంక్రాన్‌కి ఊరెళ్ళాడు, ఇంకొకళ్ళ కోసం..."

ఆమె మాటల వెనక ఇంకేదో వినిపించింది. దూరంగా, సన్నగా సాగదీసినట్టు. బేడీలతో మూలన నిలబడ్డ సుబిన్ చటుక్కున తలెత్తాడు.

"మా పాతదే అక్కా. ఊళ పెడుతోంది."

"కిటికీలు పగలగొట్టు!" అని థానిత్ ఫోన్లోకి గావుకేక పెట్టాడు. "ఇప్పుడే! కుర్చీతో కొట్టు, దేనితోనైనా కొట్టు!"

అవతల నర్సు గొంతు తగ్గించింది.

"ఎలా సార్? అద్దం ముట్టుకుంటే జైలే అని నిన్న నోటీసు వచ్చింది కదా, గోడకి అంటించాం. కింద మీ సంతకమే ఉంది."

"నేనే చెప్తున్నానుగా, పగలగొట్టు!"

"ఫోన్లో చెప్తే ఎలా సార్? తాకియన్ మెకానిక్‌ని ఏం చేశారో చూశాం. నాకు ఇద్దరు పిల్లలు. రాసి పంపించండి, వెంటనే పగలగొడతాం."

నోంగ్‌సాక్‌కి గంట ప్రయాణం. ఇవాళ పండగ, దారి పొడుగునా జనం నీళ్ళు చల్లుకుంటూ రోడ్లకి అడ్డంగా నిలబడి ఉంటారు. థానిత్ కాగితం కోసం తన జేబులన్నీ తడుముకుంటున్నాడు. దొరికింది క్రేన్ ఆర్డరు ఒక్కటే. దాన్ని తిరగేసి యంత్రం మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. నేను సుబిన్ బేడీలు విప్పుతున్నాను.

అప్పుడే ఫోన్లో ఊళ ఆగిపోయింది.